సున్నా వేరు, ఖాళీ వేరు

బేస్‌బాల్ ఆడే దేశంలో నేను పుట్టలేదు, ఎప్పుడూ ఆడలేదు, స్టేడియంలో కూర్చుని చూసింది కూడా లేదు. అయినా కొన్ని వారాలుగా రాత్రి పదకొండు దాటాక నేను చేస్తున్న పని బేస్‌బాల్ గణాంకాలు నేర్చుకోవడం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే కోర్సు. ఆఫీసులో చెప్తే "క్రికెట్ లెక్కలు అయిపోయాయా?" అన్నారు. ఇంట్లో చెప్తే "దీనివల్ల జీతం పెరుగుతుందా?" అన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి ఈ టపాలో కొంత జవాబుంది, రెండోదానికి లేదు.

ఇలాంటి కోర్సుల్లో బాగా పేరొచ్చింది బోస్టన్ యూనివర్సిటీ 2014లో ఎడెక్స్‌లో పెట్టిన 'సేబర్‌మెట్రిక్స్ 101'. పైసా కట్టకుండా ఎవరైనా చేరగలిగేవారు. కాస్త స్టాటిస్టిక్స్, కాస్త ఎస్‌క్యూఎల్, కాస్త 'ఆర్' భాష, మధ్యమధ్య చరిత్ర. నేను చదువుతున్నదీ ఆ తాను గుడ్డే. ఉద్యోగంలో రాసే ఎస్‌క్యూఎల్ ఎంత నీరసంగా ఉంటుందో ఆ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. కస్టమర్ ఐడీ, ఇన్‌వాయిస్ ఐడీ, మళ్ళీ కస్టమర్ ఐడీ. ఇక్కడ టేబుల్ తెరిస్తే 1871 నుంచి బ్యాటు పట్టిన ప్రతివాడూ ఉన్నాడు, ఏడాదికో వరస చొప్పున. షాన్ లాహ్‌మన్ అనే జర్నలిస్టు 1990లలో తయారుచేసి ఊరికే అందరికీ పంచిపెట్టిన డేటాబేస్ అది.

ఆ టేబుల్‌లో నన్ను ఆపేసినవి అంకెలు కాదు, ఖాళీలు. 'శాక్రిఫైస్ ఫ్లై' అని ఒక కాలమ్ ఉంటుంది. బ్యాటర్ గాల్లోకి లేపి తను క్యాచ్ అవుటై, ఆ సందులో తోటివాడి చేత రన్ చేయించడం. 1954కి ముందు ఆ కాలమ్ మొత్తం నల్. అంటే అంతకుముందు ఎవరూ అలా కొట్టలేదనా? బోలెడుసార్లు కొట్టారు. విడిగా ఒక గడి పెట్టి రాయలేదంతే. కొత్తగా చేరిన ప్రోగ్రామర్లకి మా టీములో మొట్టమొదట చెప్పే సంగతి ఇదే: సున్నా అంటే "జరగలేదు", నల్ అంటే "మాకు తెలీదు". రెండూ కలిపేస్తే రిపోర్టు తప్పుతుంది, ఆ పైన మేనేజరు చేత చీవాట్లు. ఆ ఖాళీలు ఎందుకొచ్చాయి, ఎవరు వదిలారు, ఎవరు పూరించారు అని వెతుక్కుంటూ పోతే కోర్సు పక్కకెళ్ళి చరిత్ర ముందుకొచ్చింది.

ముందు ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పిచర్ బంతి విసురుతాడు. బ్యాటర్ దాన్ని కొట్టి మొదటి బేస్‌కి క్షేమంగా చేరితే హిట్. నాలుగు బేస్‌లూ తిరిగొస్తే రన్. సరైన పరిధిలోంచి పోని బంతిని బ్యాటర్ వదిలేస్తే అది 'బాల్', ఇంచుమించు మన వైడ్. నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ బ్యాటు పక్కన పడేసి నింపాదిగా నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళిపోతాడు. దీన్ని 'వాక్' అంటారు. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ సరి. బ్యాటింగ్ సగటు అంటే హిట్లని బ్యాటింగ్‌కి వచ్చిన సార్లతో భాగించడం, ఆ సార్లలోంచి వాక్‌లు తీసేసి. .300 వస్తే మంచి బ్యాటర్. పదింట్లో ఏడుసార్లు విఫలమైనవాడు గొప్పవాడయ్యే ఆట ఇది, అదొక్కటే నన్ను సగం పడేసింది.

"వాక్‌లు తీసేసి" అన్నాను చూశారూ, వందేళ్ళ గొడవంతా ఆ రెండు మాటల్లో ఉంది. దానికి మూలం క్రికెట్.

హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టాడు. పన్నెండు పదమూడేళ్ళ వయసులో కుటుంబంతో బ్రూక్లిన్ వచ్చేశాడు. పెద్దయ్యాక న్యూయార్క్ పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు. (అవును, ఆ రోజుల్లో న్యూయార్క్‌లో క్రికెట్‌కి పాఠకులుండేవారు.) 1856లో హోబోకెన్‌లో ఒక క్రికెట్ మ్యాచ్ చూసి తిరిగొస్తూ పక్కనే బేస్‌బాల్ ఆడుతుంటే ఆగి చూశాడట. హోబోకెన్ అంటే ఇప్పుడు మనవాళ్ళు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీలోదే. అమెరికాకి తగ్గ ఆట ఇదేనని అతనికి అనిపించింది. కానీ ఆటకి ఒక ఆట అయితే సరిపోదు, మర్నాడు పేపర్లో చదువుకోవడానికి ఏదో ఉండాలి. అందుకని క్రికెట్ స్కోర్‌కార్డు పద్ధతిని ఈ ఆటకి సరిపడేలా కత్తిరించి 'బాక్స్ స్కోరు' అనే చిన్న పట్టికని నిలబెట్టాడు. స్ట్రైకౌట్‌కి 'కె' అనే గుర్తు పెట్టిందీ ఇతనే, ఇవాళ్టికీ అదే గుర్తు.

ఇక్కడే అతని క్రికెట్ బుర్ర ఒక పని చేసింది. మన దగ్గర వైడ్ పడితే రన్ ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? ఎక్స్‌ట్రాల్లోకి. బౌలరు తప్పు చేస్తే బ్యాటరుకి మార్కులెందుకు అనే లెక్క. చాడ్విక్ వాక్‌నీ అలాగే చూశాడని ఈ చరిత్ర రాసినవాళ్ళు అంటారు. అది పిచర్ తప్పు, బ్యాటర్ ఘనత కాదు. నీతి నియమాల మీద బాగా పట్టింపు ఉన్న మనిషి, జూదం మీదా తాగుడు మీదా జీవితాంతం రాసినవాడు. కష్టపడకుండా బేస్ చేరినవాడికి క్రెడిట్ ఇవ్వడం అతనికి మింగుడుపడి ఉండదు. అలా వాక్ సగటులోంచి బయటికెళ్ళింది. క్రికెట్‌లో వైడ్‌కి ఒక రన్ వస్తుంది, అంతే. బేస్‌బాల్‌లో వాక్‌కి ఒక మనిషి బేస్ మీద నిలబడతాడు, ముఖ్యంగా అవుట్ కాకుండా మిగులుతాడు. మూడే అవుట్లున్న ఆటలో అవుట్ కాకపోవడం కంటే విలువైంది ఏముంటుంది? కానీ పేపర్లో సగటు అచ్చవుతుంది, సగటు చూసి జీతాలిస్తారు, జీతం చూసి కుర్రాళ్ళు నేర్చుకుంటారు.

మధ్యలో 1887లో ఒక్క ఏడాది వాక్‌ని కూడా హిట్‌గానే లెక్కపెట్టారు. ఆ ఏడాది .400 దాటినవాళ్ళు బోలెడుమంది తేలారు, అందరూ నవ్వారు, మరుసటేడు తీసేశారు. స్కీమా మార్పు చేసి ఒక రిలీజ్ తర్వాత వెనక్కి తిప్పడం మన కంపెనీలు కనిపెట్టిన విద్యేం కాదన్నమాట.

సగటు మీద మొదట గట్టిగా తిరగబడినవాడు ఎఫ్.సి. లేన్. 'బేస్‌బాల్ మ్యాగజైన్' సంపాదకుడు. 1916లో అతను వేసిన ప్రశ్న మన భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: జేబులో డబ్బెంతుందిరా అంటే "పన్నెండు నాణేలున్నాయి" అనేవాణ్ణి ఏమనాలి? అర్ధ రూపాయిలా, పది రూపాయల బిళ్ళలా? ఒక బేస్ హిట్‌కీ, నాలుగు బేస్‌ల హోమ్ రన్‌కీ సగటులో ఒకే విలువ కదా! ఊరికే తిట్టి వదిలెయ్యలేదు. 62 ఆటల్లో పడిన 1000 హిట్లని తీసుకుని ఒక్కోదాని విలువ ఎన్ని రన్లో లెక్కగట్టాడు. కాలిక్యులేటరు లేదు, ఏమీ లేదు. బాగుందన్నారు, పక్కన పెట్టారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ మాత్రం 1910ది. డేటాబేస్ పాఠం చెప్పేవాళ్ళు దీన్ని మొదటి క్లాసులో చెప్పాలని నా అభిప్రాయం. ఆ ఏడాది ఛామర్స్ అనే కార్ల కంపెనీ, అందరికంటే ఎక్కువ సగటు తెచ్చుకున్న బ్యాటరుకి కారు ఇస్తానని ప్రకటించింది. పోటీ చివరికి ఇద్దరి మధ్య తేలింది. ఒకరు డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్, నోటి దురుసూ చేతి దురుసూ ఉన్నవాడని పేరు. ఇంకొకరు క్లీవ్‌లాండ్ ఆటగాడు న్యాప్ లాజ్వే, ఎంత ఇష్టమంటే జట్టుకే 'న్యాప్స్' అని అతని పేరు పెట్టేసుకున్నారు. కాబ్ ముందంజలో ఉన్నాడు కాబట్టి ఆ సగటు చెదరకుండా చివరి రెండు ఆటలూ ఆడకుండా కూర్చున్నాడు. అక్టోబర్ 9న సెయింట్ లూయిస్‌లో లాజ్వేకి ఒకే రోజు రెండు ఆటలు. సెయింట్ లూయిస్ మేనేజరు జాక్ ఓకానర్ తన థర్డ్ బేస్‌మన్‌ని బాగా వెనక్కెళ్ళి నిలబడమన్నాడు. అంటే బంతిని మెల్లగా అలా తట్టి పరిగెత్తితే చాలు, హిట్టే. లాజ్వే ఆ రోజు 8 హిట్లు కొట్టాడు, చాలామటుకు అలా తట్టినవే. ఇంకో బంతి కూడా హిట్‌గా రాస్తే సూటు కొనిపెడతామని స్కోరరుకి కబురు కూడా వెళ్ళింది! స్కోరరు ఒప్పుకోలేదు. స్కోరరంటే ఇలా ఉండాలి.

గొడవైంది. లీగ్ ప్రెసిడెంటు బ్యాన్ జాన్సన్ విచారణ జరిపి మేనేజరు ఉద్యోగం ఊడగొట్టించాడు. లెక్కలు మళ్ళీ చూసి కాబ్‌కి .385, లాజ్వేకి .384, టైటిల్ కాబ్‌దే అన్నాడు. కార్ల కంపెనీవాళ్ళు తెలివైనవాళ్ళు, ఇద్దరికీ చెరో కారు ఇచ్చేసి ప్రచారం కొట్టేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు. దాదాపు 70 ఏళ్ళ తర్వాత పీట్ పామర్ అనే పరిశోధకుడు పాత లెడ్జర్లు తిరగేస్తుంటే, ఆ సెప్టెంబరులో డెట్రాయిట్ ఆడిన ఒక ఆట కాబ్ ఖాతాలో రెండుసార్లు ఎక్కినట్టు బయటపడింది. 3కి 2 హిట్లు, రెండుసార్లు. అది తీసేస్తే కాబ్ లాజ్వే కంటే కిందకి పోతాడు. 1981లో 'స్పోర్టింగ్ న్యూస్' పత్రిక ఇది ప్రచురించింది. అప్పటి కమిషనరు బౌవీ కూన్ అయితే "అప్పుడు ఇచ్చిన టైటిల్ ఇచ్చినట్టే" అనే వైఖరి తీసుకున్నాడు. డూప్లికేట్ వరస, ప్రైమరీ కీ లేని టేబుల్, బగ్ దొరికినా మార్చనని కూర్చున్న పై అధికారి. ఈ కథలో నాకు తెలియని పాత్ర ఒక్కటి కూడా లేదు!

తర్వాతి ముప్ఫై నలభై ఏళ్ళు త్వరగా చెప్పేస్తా. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ, మాంట్రియల్ నుంచి అలన్ రాత్ అనే లెక్కల పిచ్చివాణ్ణి పూర్తికాలం ఉద్యోగిగా పెట్టుకున్నాడు. రాత్ ప్రతి ఆటనీ బంతి బంతికీ రాసేవాడు. 1954లో రికీ 'లైఫ్' పత్రికలో వ్యాసం రాసి, సగటు కాదు, ఎంత తరచుగా బేస్ చేరుతున్నాడన్నది ముఖ్యం అన్నాడు, అంటే వాక్‌ని లోపలికి తెమ్మనడమే. ఆ కొలత అధికారిక పట్టికల్లోకి ఎక్కింది 1984లో. ముప్ఫై ఏళ్ళు! కెనడా రక్షణశాఖలో ఆపరేషన్స్ రీసెర్చ్ చేసే జార్జ్ లిండ్సీ, 1959, 60ల్లో జరిగిన 373 ఆటల వివరాలతో, ఏ బేస్‌ల మీద ఎవరున్నప్పుడు, ఎన్ని అవుట్లున్నప్పుడు, సగటున ఇంకెన్ని రన్లొస్తాయో 24 గళ్ళ పట్టిక వేశాడు. 1963లో అచ్చైన ఆ పేపరు నా కోర్సులో కూడా ఉంది. ఇక్కడ చెప్పాల్సిన మనిషి అతను కాదు, వాళ్ళ నాన్న. ఆ ఆటల్లో చాలాభాగం విని, చూసి, రాసిపెట్టింది రిటైరైన ఆ పెద్దాయనే. కొడుకు పేపర్లు రాసుకోవాలంటే ఎవరో ఒకరు కూర్చుని ప్రతి బంతీ రాయాలి కదా.

ఇక బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్ళో, చిక్కుడుగింజల డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో రాత్రి వాచ్‌మన్. రాత్రంతా ఫ్యాక్టరీని ఎవరూ ఎత్తుకుపోకుండా చూస్తూ పేపర్లలో వచ్చిన బాక్స్ స్కోర్లలోంచి లెక్కలు తీసేవాడు. 1977లో సొంతంగా జెరాక్స్ కొట్టించి 'బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్' అని పుస్తకం వేసి, పత్రికలో చిన్న ప్రకటన ఇస్తే ఓ 75 కాపీలు అమ్ముడుపోయాయి. లెక్కలకంటే అతని ప్రశ్నలు బాగుంటాయి. ఉదాహరణకి 'ఎర్రర్' అనే కాలమ్. ఫీల్డరు పట్టాల్సిన బంతి పట్టకపోతే స్కోరరు ఎర్రర్ రాస్తాడు. అంటే అది జరిగినదాని లెక్క కాదు, జరగాల్సి ఉండిందని స్కోరరు అనుకున్నదాని లెక్క. కదలకుండా నిలబడ్డవాడికి ఎర్రర్లే రావు, పరిగెత్తి చెయ్యి పెట్టినవాడికి వస్తాయి! (ఆఫీసులో ఎవరు ఎక్కువ బగ్‌లు పెట్టారనే లెక్క తీసే మేనేజర్లు ఈ పేరా రెండుసార్లు చదవగలరు.) 1971లో కూపర్స్‌టౌన్‌లో 16 మంది కలిసి పెట్టుకున్న బేస్‌బాల్ పరిశోధన సంఘం పేరులోని అక్షరాలు 'సేబర్'. దానికి తోక తగిలించి 1980లో జేమ్స్ పెట్టిన పేరే సేబర్‌మెట్రిక్స్.

అతనికి అడ్డొచ్చింది బుర్ర కాదు, డేటా. బాక్స్ స్కోరులో మొత్తాలుంటాయి, ఏ బంతికి ఏం జరిగిందో ఉండదు. ఆ వివరం ఎలియస్ స్పోర్ట్స్ బ్యూరో అనే సంస్థ దగ్గరుండేది, లీగ్‌ల అధికారిక లెక్కలు వాళ్ళవే. మామూలు జనానికి ఇచ్చేవారు కాదు. వేలమంది కళ్ళముందు జరిగిన ఆట, టీవీలో వచ్చిన ఆట, కానీ దాని వివరం మాత్రం ఒక బీరువాలో. 1984లో జేమ్స్ తన పుస్తకంలోనే పిలుపిచ్చాడు: అడుక్కోవడం ఎందుకు, మనమే రాద్దాం. 'ప్రాజెక్ట్ స్కోర్‌షీట్' అని పేరు. ఒక్కో ఊళ్ళో కొందరు అభిమానులు ఆటల్ని పంచుకుని, టీవీ ముందో రేడియో పక్కనో కూర్చుని, ఒకే రకం ఫారంలో ప్రతి బంతీ రాసి పంపేవారు. కంప్యూటర్లున్నవాళ్ళు ఎక్కించేవారు. లైనక్స్ రాకముందు, వికీపీడియా రాకముందు, ఇంట్లో ఇంటర్నెట్ అన్న మాటే లేనప్పుడు. ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడేటప్పుడు వీళ్ళ పేరు ఎవరూ ఎత్తరు, నాకు తెలిసి ఎత్తాలి.

ఇలాంటి వాటికి అయ్యేదే దానికీ అయింది. కలహాలు, డబ్బు, ఎవరు పెద్ద అనే లెక్క. దాన్ని నడిపిన జాన్ డ్యూవన్ తర్వాత స్టాట్స్ అనే కంపెనీని పెద్దది చేశాడు, అది అమ్ముకునే వ్యాపారం. కొన్నేళ్ళకి ప్రాజెక్టు ఆగిపోయింది. కానీ 1989లో డెలావేర్ యూనివర్సిటీ బయాలజీ ప్రొఫెసరు డేవిడ్ స్మిత్ 'రెట్రోషీట్' మొదలుపెట్టాడు. ఇది ముందుకి కాదు, వెనక్కి: 1984కి ముందు జరిగిన ఆటలన్నిటినీ బంతి బంతికీ తిరగరాయడం. జట్ల ఆఫీసుల్లో, పాత విలేఖరుల దగ్గర, అభిమానుల అటకల మీద పడున్న స్కోరు పుస్తకాలు అడిగి తెచ్చుకుని, వాలంటీర్లు కూర్చుని టైపు చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: ఇది రెట్రోషీట్ ఉచితంగా ఇచ్చిందని ఒక్క వాక్యం రాయాలి. నా కోర్సు ఉచితంగా ఎలా ఉందంటే ఇలా ఉంది. వీడియో పాఠానికి ఖర్చు తక్కువే. ఆ డేటా కొనాల్సి వస్తే ఆ కోర్సే ఉండేది కాదు.

ఈ లెక్కలు ఎవరి సొత్తు అనే గొడవ కోర్టు దాకా పోయింది కూడా. ముందు బాస్కెట్‌బాల్ లీగ్ వెళ్ళింది. జరుగుతున్న ఆటల స్కోర్లని పేజర్లో చూపిస్తున్నారని మోటరోలా మీదా, పైన చెప్పిన స్టాట్స్ మీదా కేసు. ఆటలో జరిగిన సంగతులు వాస్తవాలు, వాటికి కాపీరైట్ ఉండదని 1997లో అప్పీలు కోర్టు తేల్చింది. తర్వాత బేస్‌బాల్ లీగ్ వంతు. ఆటగాళ్ళ పేర్లూ సగటులూ వాడి ఫ్యాంటసీ ఆటలు నడిపే చిన్న కంపెనీ లైసెన్సు కట్టాలంది. 2007లో అక్కడా ఓడిపోయింది, 2008లో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోలేదు. చాడ్విక్ బాక్స్ స్కోరుకి 150 ఏళ్ళు వస్తుండగా, అది అందరిదీ అని న్యాయస్థానం చెప్పాల్సొచ్చింది.

మనకి దీంట్లో చుట్టరికం లేకపోలేదు. 1993లో మిన్నెసోటా యూనివర్సిటీలో సైమన్ కింగ్ మొదలుపెట్టిన క్రిక్‌ఇన్ఫోకి తొలిరోజుల్లో చాకిరీ చేసింది విదేశాల్లో చదువుకుంటూ స్కోరు తెలియక అల్లాడిపోయిన విద్యార్థులే, వాళ్ళలో మనదేశంవాళ్ళు చాలామంది. వాలంటీర్లు టైపు చేసిన స్కోర్లు. అది కంపెనీ అయింది, 2003లో విజ్డెన్ చేతికి, 2007లో ఈఎస్‌పీఎన్ చేతికి వెళ్ళింది. తప్పని అనను. అందరూ చూసుకోవచ్చు, అది చాలా గొప్ప. కానీ మొత్తం డేటాని దించుకుని సొంతంగా క్వెరీ రాసుకోవాలంటే ఇవాళ నేను వెళ్ళేది క్రిక్‌షీట్‌కి. అదీ ఒక్క మనిషి, స్టీఫెన్ రష్, ఓపిగ్గా నడుపుతున్నదే.

'మనీబాల్' సంగతి ఎక్కువ చెప్పను, సినిమా చాలామంది చూసే ఉంటారు. 2002లో ఓక్లాండ్ జట్టు, న్యూయార్క్ యాంకీస్ జీతాల ఖర్చులో మూడోవంతుతో, 103 ఆటలు గెలిచింది, వరసగా 20 గెలిచి రికార్డు పెట్టింది. ఏం చేశారయ్యా అంటే, చాడ్విక్ లెక్కలోంచి తీసేసిన వాక్‌ని చవగ్గా కొన్నారు. బజారులో దానికి ధర లేదు, ఎందుకంటే పేపర్లో దానికి గడి లేదు. ఆ ఆలోచనని ఓక్లాండ్ దాకా మోసినవాళ్ళలో ఎరిక్ వాకర్ అనే మాజీ ఏరోస్పేస్ ఇంజనీరు ఉన్నాడు. సినిమాలో అతను లేడు. ఇంజనీర్లని సినిమాల్లో పెట్టరు.

ఆ తర్వాత తలుపులు మూసుకోవడం మొదలైంది. 2002 చివర్లో బోస్టన్ రెడ్ సాక్స్ బిల్ జేమ్స్‌ని ఉద్యోగంలోకి తీసుకుంది, 2004లో 86 ఏళ్ళ తర్వాత కప్పు గెలిచింది. న్యూస్‌గ్రూపుల్లో ఊరికే రాసుకునేవాళ్ళని ఒక్కొక్కర్నీ జట్లు జీతాలిచ్చి తీసుకెళ్ళిపోయాయి. వాళ్ళకి మంచిదే, ఎన్నాళ్ళని చిక్కుడుగింజలకి కాపలా కాస్తారు? కానీ అప్పట్నుంచి వాళ్ళు కనుక్కున్నది ఏదీ బయటికి రాదు. ఎంత దాచుకుంటారంటే, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు స్కౌటింగ్ డైరెక్టరు హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు డేటాబేస్‌లోకి పాస్‌వర్డ్ ఊహించి దూరినందుకు 2016లో 46 నెలల జైలు పడింది. (పాత ఉద్యోగి కొత్త కంపెనీలోనూ దాదాపు పాత పాస్‌వర్డే పెట్టుకున్నాడు. మీ పాస్‌వర్డ్ ఒకసారి చూసుకోండి.)

ఇప్పుడు అసలు ఖాళీ దగ్గరికి వస్తాను. నా కోర్సు టేబుల్‌లో శాక్రిఫైస్ ఫ్లై కాలమ్ ఖాళీగా ఉంటే కనీసం నల్ అని కనిపిస్తుంది. వరసే లేకపోతే? 1880ల నుంచి 1947 దాకా, కాగితం మీద రూలేమీ రాసుకోకుండానే, మేజర్ లీగ్‌ల్లో నల్లవాళ్ళని ఆడనివ్వలేదు. వాళ్ళు సొంతంగా నీగ్రో లీగ్‌లు పెట్టుకుని ఆడారు. 1968-69లో బేస్‌బాల్ పెద్దలు ఒక రికార్డుల కమిటీ వేశారు. మొట్టమొదటి కంప్యూటర్ ఎన్‌సైక్లోపీడియా అచ్చువేస్తున్నారు, 2300 పేజీల పైచిలుకు, దాంట్లో ఏ లెక్క సరైందో తేల్చాలి. 1887 వాక్‌లు హిట్లు కావని తేల్చింది ఈ కమిటీయే. చరిత్రలో ఏవేవి 'మేజర్ లీగ్‌లు' అన్నదీ వాళ్ళే తేల్చారు. ఆరు లీగ్‌లు. 1884లో ఒక్క ఏడాది బతికి చచ్చిన లీగ్‌కీ చోటు దక్కింది. నీగ్రో లీగ్‌లని తిరస్కరించలేదు, అసలు చర్చకే రానివ్వలేదు. ఒకవేళ చర్చించి కాదన్నా ఎక్కడో ఒక మినిట్స్ పుస్తకంలో ఉండేది. ఇది దానికంటే హీనం.

ఆ లీగ్‌ల లెక్కలు లేవు కదా, ఎలా కలుపుతారు అనేవాళ్ళు చాలాకాలం. లెక్కలున్నాయి, ఒకచోట లేవంతే. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లవాళ్ళ పత్రికల్లో బాక్స్ స్కోర్లున్నాయి, అదే చాడ్విక్ పెట్టిన పట్టిక. అవి వారపత్రికలు, చోటు తక్కువ, అందుకని అన్ని ఆటలూ అచ్చుకాలేదు. రోజూ వచ్చే తెల్లవాళ్ళ పత్రికలు పట్టించుకున్నది తక్కువ. ల్యారీ లెస్టర్ లాంటివాళ్ళు దశాబ్దాలపాటు మైక్రోఫిల్మ్ రీళ్ళు తిప్పి ఒక్కో ఆటా ఏరారు. గ్యారీ ఆష్‌విల్, అతని మిత్రులు 2011లో సీమ్‌హెడ్స్ అనే డేటాబేస్‌గా జనం ముందు పెట్టారు. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్, 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లు మేజర్ లీగ్‌లేనని ప్రకటించింది. 2024 మేలో 2300 మందికి పైగా ఆటగాళ్ళ అంకెలు అధికారిక రికార్డులో కలిసాయి.

కలిసిన రోజు జీవితకాల సగటులో మొదటి వరస మారింది. ఎన్నో దశాబ్దాలుగా అక్కడ కూర్చున్నది మన టై కాబ్, .367. ఇప్పుడు జోష్ గిబ్సన్, .372. 1943లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకి ఆడుతూ అతను తెచ్చుకున్న .466, ఒక సీజన్ సగటులోనూ అగ్రస్థానం. గిబ్సన్ 1947 జనవరిలో పోయాడు, 35 ఏళ్ళకి. మూడు నెలల తర్వాత ఏప్రిల్ 15న, రాత్‌ని ఉద్యోగంలో పెట్టుకున్న ఆ రికీ జట్టులోనే, జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగాడు.

గొణుగుడు వినిపించకపోలేదు. కాబ్ 11 వేలసార్లకి పైగా బ్యాటింగ్ చేశాడు, గిబ్సన్ లెక్కలో ఉన్నవి రెండువేల చిల్లర, ఇద్దర్నీ ఒకే పట్టికలో పెడతారా అని. శాంపిల్ సైజు పాఠం నేనూ చదివాను. తక్కువసార్లు ఆడినవాడి సగటులో అటూ ఇటూ ఊగడానికి చోటెక్కువ, నిజమే. కానీ ఆ తక్కువ ఎందుకు తక్కువ? లీగ్ ఆటలే తక్కువ, మిగతా రోజులు బస్సుల్లో ఊరూరా తిరిగి ఆడినవి లెక్కలోకి రావు, ఆడిన లీగ్ ఆటల్లో కూడా ఇంకా దొరకనివున్నాయి. గిబ్సన్‌కి లేని ఆ తొమ్మిదివేలు సున్నాలు కావు. పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలనేవాళ్ళు దాన్ని కాబ్ పక్కనా పెట్టాలి, అతను కూడా సగం దేశాన్ని బయట నిలబెట్టిన పిచర్ల మీదే ఆడాడు. పైగా అతని లెక్కలో ఒక ఆట రెండుసార్లు ఉండేది.

1920-48 మధ్య నీగ్రో లీగ్ రికార్డు దాదాపు 75 శాతం పూర్తయిందని 2024లో లెక్కలు కలిపినప్పుడు లీగ్‌వాళ్ళు చెప్పారు. మిగిలిన పావువంతు కోసం వెతుకులాట ఆగలేదు. ఏ ఊరి లైబ్రరీలోనో ఇంకో రీలు దొరికితే .372 పెరగొచ్చు, తగ్గొచ్చు, తగ్గి కాబ్ మళ్ళీ పైకి రావచ్చు కూడా. అప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఆ బాక్స్ స్కోరు టైపు చెయ్యాలి, ఒక్కసారే ఎక్కిందో లేదో చూసుకోవాలి.